పాలబుక్కు ఆయనది, కోవా లెక్క నాది
పూతలపట్టు పక్క పల్లెలో ఓ ఇల్లాలి కోవా పొయ్యి దగ్గర ఒక రోజు

ఎండాకాలం మధ్యాహ్నం పాలు కాచబోతే విరిగిపోయాయనుకోండి. మీరేం చేస్తారు? మా అమ్మయితే ముందు "అయ్యో!" అనేది. శుభమా అని పాలు పొయ్యి మీద పెడితే ఇలా అయిందే అని కాసేపు బాధపడేది. ఆ తర్వాత గుప్పెడు బెల్లం వేసి, ఏలకుల పొడి చల్లి, దగ్గరపడేదాకా ఉడికించి మా పిల్లలందరికీ తలా కాస్త పెట్టేది. మేమేమో మళ్ళీ ఎప్పుడు విరుగుతాయా అని ఎదురుచూసేవాళ్ళం!

మన ఇళ్ళల్లో పాలు విరగడం అంటే నష్టం. కావాలని విరగ్గొట్టడం మన వంటింటి అలవాటు కాదు. తోడు పెట్టడం, చిలకడం, వెన్న కాచడం – మనకు తెలిసింది ఇదీ. జున్ను అనే మాట మనకున్నా, అది ఈనిన ఆవు తొలిపాలతో చేసుకునేది. స్కూలు పుస్తకాల్లో చీజ్‌ని కూడా జున్ను అనే రాస్తారు గానీ ఆ రెండింటికీ సంబంధం లేదు. ఇప్పుడు చూడండి, పిల్లల పిజ్జాలకు చీజ్, చపాతీల్లోకి పన్నీరు కూర, సీమంతానికీ పుట్టినరోజుకీ కోవా. అన్నీ ప్యాకెట్లలో వస్తున్నాయి. ఎవరు చేస్తున్నారో, ఎలా చేస్తున్నారో మనకు తెలియదు.

మా వీధిలో ఒక సీమంతానికి తెప్పించిన కోవా తిన్నాక నాకు ఆ సంగతి తెలుసుకోవాలనిపించింది. పూతలపట్టు దగ్గర ఓ పల్లెలో భార్యాభర్తలిద్దరూ ఇంట్లోనే చేస్తారని చెప్పారు. మావారికి రెండో శనివారం సెలవు. "ఒక్క పూట కోవా చూడ్డానికి అంత దూరమా?" అన్నారాయన. "కాణిపాకం దర్శనం కూడా చేసుకుని వద్దాం" అన్నాను. ఇక మాట్లాడలేదు!

దారి పొడవునా పాల క్యాన్లే

తిరుపతి నుంచి చిత్తూరు బస్సెక్కితే పూతలపట్టుకు సుమారు గంటన్నర ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచితం కదా, నాకు సున్నా టికెట్టు, మావారికి మాత్రం డబ్బులు. చంద్రగిరి కోట దాటాక కాశిపెంట్ల వస్తుంది. హెరిటేజ్ పాల ఫ్యాక్టరీ ఉన్న ఊరు అదే. ఆ కంపెనీ 1992లో మొదలైంది. అక్కడి నుంచి రోడ్డు పక్క ఒకవైపు మామిడి తోటలు, ఇంకోవైపు చెరకు మళ్ళు. ప్రతి ఊరి మలుపులోనూ ఓ పాలకేంద్రం, దాని ముందు అల్యూమినియం క్యాన్ల వరస. 2022లో జిల్లాలు విడదీశాక చంద్రగిరి, పాకాల తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి. పూతలపట్టు మాత్రం చిత్తూరులోనే ఉంది. పాలకు ఈ హద్దులేవీ పట్టవనుకోండి.

కర్నూలు నుంచి చిత్తూరుకు వెళ్ళే రోడ్డు, తిరుపతి రోడ్డు కలిసేది పూతలపట్టులోనే. బస్సు దిగి, టీ తాగి, ఆటో మాట్లాడుకుని పల్లెకు చేరేసరికి ఎనిమిదయింది.

"రాండక్కా, రాండి సార్. మీరు లేటుగా వచ్చినారు, ఒక వాయి అప్పుడే దింపేసినా" అంటూ ఎదురొచ్చిందా ఇల్లాలు. ముప్పై అయిదేళ్ళుంటాయి. పేరు మాత్రం పత్రికలో వేయొద్దని ముందే మాట తీసుకుంది. నాలుగు ఆవులు, రెండు దూడలు, వెనకవైపు రేకుల పందిరి, దాని కింద రెండు కట్టెల పొయ్యిలు. ఇదీ వాళ్ళ 'ఫ్యాక్టరీ'.

తెడ్డు ఆపితే అంతే

ఒక వాయికి ఆరు లీటర్ల పాలు. వెడల్పాటి ఇనుప బాణలి, పొడుగాటి చెక్క తెడ్డు. చూడ్డానికి మన ఇంట్లో పాలు కాచినట్టే ఉంటుంది. కానీ మొదటి పొంగు వచ్చిన దగ్గర్నించి చివరిదాకా ఆ తెడ్డు ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. అడుగు తగిలేలా గీరుతూ, అంచుల్లో కట్టే మీగడను మళ్ళీ లోపలికి తోస్తూ కలుపుతూనే ఉండాలి. ఆపితే అడుగంటుతుంది. అడుగంటితే ఆ మాడువాసన వాయి మొత్తానికి పడుతుంది. ఆరు లీటర్లూ పోయినట్టే.

ఆవుపాలలో నూటికి 87 పాళ్ళు నీళ్ళే. కోవా చేయడమంటే ఆ నీళ్ళను ఆవిరిగా పంపించడమే, అంతకు మించి రహస్యమేమీ లేదు. మొదట మంట పెద్దది. పాలు చిక్కబడి, బుడగలు బరువుగా పగులుతున్నాయనగానే కట్టెలు వెనక్కి లాగేస్తుంది. చివరి పది నిమిషాలూ నిప్పుల వేడి మీదే. ముద్ద బాణలి అంచులు వదిలి తెడ్డు వెంట తిరగడం మొదలుపెట్టగానే దించేయాలి. "ఇంకొంచెం అని ఆశపడితే గట్టిపడిపోతుందక్కా. దించినాక కూడా బాణలి వేడికి ఉడుకుతానే ఉంటాది" అంది. ఒక వాయికి ముప్పావుగంట పట్టింది. నేను మధ్యలో ఓ అయిదు నిమిషాలు తెడ్డు తీసుకున్నాను. భుజం లాగేసింది. ఆమె రోజుకు నాలుగైదు వాయిలు తిప్పుతుంది.

ఇందులో పంచదార వేయదు. దీన్ని పచ్చికోవా అంటారు. మిఠాయి కొట్లవాళ్ళు కొనుక్కుని వాళ్ళకు కావలసినట్టు తీపి కలుపుకుంటారు. పాలకోవాకు మెత్తగా ఉండాలి. కలాకండ్‌కు పలుకుపలుకుగా ఉండాలంటే పాలు మరిగేటప్పుడు ఒక చిటికెడు నిమ్మ ఉప్పు వేస్తారు. పాలు సగం విరిగి గింజ కడతాయి. అంటే మనం నష్టమనుకునే విరుగుడునే వాళ్ళు పనికి వాడుకుంటున్నారన్నమాట!

గుడ్డ మూటలో పన్నీరు

రెండో పొయ్యి మీద పన్నీరు. కోవాకు ఎంత కష్టముందో దీనికి అంత ఓపిక కావాలి. పాలు బాగా కాగనిచ్చి, దించి, వేడి కాస్త తగ్గాక పులుపు కలుపుతుంది. నిమ్మకాయ పిండుతుందేమో అని చూశాను. కాదు! నిన్నటి పన్నీరు నుంచి వడకట్టిన తేటను దాచి ఉంచుతుంది. రాత్రికల్లా అది పులుస్తుంది. దాన్నే కొంచెం కొంచెంగా పోస్తూ నెమ్మదిగా తిప్పుతుంది. మనం పెరుగుకు నిన్నటి పెరుగు తోడు వేసినట్టే! పాలు ముక్కలై, తేట పచ్చటి రంగులో స్వచ్ఛంగా కనబడగానే పులుపు ఆపేయాలి. ఎక్కువ పోస్తే పన్నీరు రబ్బరులా అవుతుంది. పల్చటి గుడ్డలో మూటకట్టి, చెక్కపెట్టెలో పెట్టి పైన బరువు పెడితే అరగంటకు గట్టి దిమ్మ. దాన్ని చల్లటి నీళ్ళలో వేస్తే ముక్కలు తెల్లగా, చెదరకుండా కోయడానికి వీలుగా వస్తాయి.

"మరి చీజ్ కూడా ఇంతేనా?" అని మావారడిగారు. అది వేరు. పన్నీరును పులుపుతో విరగ్గొడతారు. గట్టి చీజ్‌కైతే పాలను గోరువెచ్చగా ఉంచి, తోడు లాంటిది వేసి, రెన్నెట్ అనే పదార్థంతో గడ్డకట్టిస్తారు. తేట తీసి, ఉప్పు పట్టించి, అచ్చుల్లో నొక్కి, చల్లటి గదుల్లో నెలల తరబడి మాగబెడతారు. ఒక కిలో గట్టి చీజ్‌కు దాదాపు పది లీటర్ల పాలు పడతాయి. ఆ రెన్నెట్‌ను పూర్వం లేగదూడ కడుపు నుంచి తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవుల నుంచి తయారైనది కూడా వస్తోంది. శాకాహారులు చీజ్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూసుకోవడం మంచిది.

చలిదేశాల్లో శీతాకాలం మేత ఉండదు, పాలు తగ్గిపోతాయి. అందుకని ఉన్నప్పుడే చీజ్‌గా మార్చి దాచుకునేవారు. మన దేశంలోనూ హిమాలయాల్లో ఛుర్పీ అని, జమ్మూలో కలారి అని ఉన్నాయి. మన ఎండలకు ఆ చల్లటి గదులు ఎక్కడివి? అందుకే మనవాళ్ళు నెయ్యి కాచారు. ఆలోచించండి, నెయ్యి కూడా పాలను నెలల తరబడి నిలవ ఉంచే ఉపాయమే కదా!

పాలు ఒక పూట కూడా ఆగవు

ఇంతకీ ఈమె కోవా ఎందుకు మొదలుపెట్టింది? ఆ మాటే అడిగాను.

"పాలు ఒగ పూట కూడా ఆగవక్కా. కేంద్రంలో కొలత తక్కువ వచ్చిందంటారు, ఆరోజు వెనక్కి పంపిస్తారు. బండి రాలేదంటారు. అప్పుడు యాడికి పోసేది? ఎంత చెబితే అంతకు ఇచ్చేయాల్సిందే."

పాలకు ధర కట్టేది లీటరును బట్టి మాత్రమే కాదు. అందులో వెన్న ఎంత, వెన్న తీసేస్తే మిగిలే ఘనపదార్థం ఎంత అని మిషను మీద చూస్తారు. ఎండాకాలంలో పచ్చిమేత లేకపోతే ఆ లెక్క పడిపోతుంది. ఆవు అదే, పాలూ అవే, డబ్బు తగ్గిపోతుంది. పాలు ఆగవు కాబట్టి పోసేవాళ్ళకు బేరమాడే వీలుండదు. ఈ జిల్లా తోతాపురి మామిడికీ ఇదే గతి. 2025 వేసవిలో ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి ఇవ్వాల్సిన 8 రూపాయలకు ప్రభుత్వం ఇంకో 4 రూపాయలు కలుపుతామనాల్సి వచ్చింది. పండు ఆగదు, గుజ్జు ఆగుతుంది. దాన్ని ఆగేలా చేయగలిగినవాళ్ళదే బేరం.

మావారు లెక్కల్లో దిట్ట. టికెట్టు వెనకాలే లెక్క రాశారు. ఆమె చెప్పిన ధరలే ఇవి. కేంద్రంలో లీటరుకు 36 రూపాయలు. ఒక కిలో పచ్చికోవాకు అయిదున్నర లీటర్ల ఆవుపాలు, అంటే 198 రూపాయలు. కట్టెలకు 40. వాళ్ళాయన మోపెడ్ మీద చిత్తూరు కొట్లకు చేర్చేందుకు పెట్రోలు 20. మొత్తం 258. కొట్టువాడు ఇచ్చేది 340. మిగిలింది 82 రూపాయలు.

"పర్లేదే, లాభమే!" అన్నారు మావారు. "మరి ముప్పావుగంట తెడ్డు తిప్పిన కూలి ఏ పద్దులో రాశారు?" అన్నాను. ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. వాళ్ళాయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఆ ఎనబై రెండే నా కూలి అక్కా. మాములు రోజుల్లో పాలు కేంద్రానికి పోసేదే సుఖం. పండగలప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు, పాలు ఎనక్కి వచ్చినప్పుడు కోవా. కానీ ఒగటి చెప్తా వినండి. పాలబుక్కు ఆయన పేరు మీదుండాది. పదైదు దినాలకొకసారి బిల్లు ఆయన బ్యాంకులో పడతాది. కోవా లెక్క మాత్రం నాది. ఆపొద్దే చేతికొస్తాది. పాప ఫీజు దాంట్లోనే కట్టినా."

తెల్లారుజామున నాలుగింటికి లేచి పేడ తీసేది ఆమె. మేత కోసేది, పాలు పిండేది ఆమె. బిల్లు మాత్రం వేరే పేరు మీద. ఇది ఆ ఒక్క ఇంటి సంగతి అనుకోకండి. పాడి ఉన్న ఏ ఇంట్లోనైనా ఒకసారి అడిగి చూడండి. వాళ్ళాయన చెడ్డవాడేం కాదు. పొలం ఆయన పేరు మీదుంది, కేంద్రంలో సభ్యత్వం రాసుకున్నప్పుడు ఆ పేరే రాశారు. ఎవరూ ఆలోచించలేదంతే.

పేరు మారితే ఏమవుతుంది?

1970లో వర్గీస్ కురియన్ నాయకత్వాన దేశంలో పాలవెల్లువ పథకం మొదలైంది, 1996 దాకా నడిచింది. ఊరూరా పాల సంఘాలు వచ్చాయి. చిత్తూరులో సహకార డెయిరీ ఎంతోమంది రైతులకు ఆధారంగా ఉండేది. అది 2002లో మూతపడింది. 2023 జులైలో అమూల్ ఆధ్వర్యంలో దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి శంకుస్థాపన జరిగింది.

చిత్రమేమిటంటే, చిత్తూరు డెయిరీ మూతపడ్డ ఆ 2002లోనే ఇప్పటి తెలంగాణలోని ములుకనూరులో ఆడవాళ్ళే నడిపే పాల డెయిరీ మొదలైంది. స్వకృషి పేరుతో వాళ్ళ పాలు అమ్ముతారు. మన తిరుపతిలోనే 2014లో శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ మొదలైంది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ అండతో వచ్చిన ఈ కంపెనీలో సభ్యులందరూ ఆడవాళ్ళే. వాళ్ళ సంఖ్య లక్ష దాటింది. పాలు పోసిన మనిషి పేరు మీదే సభ్యత్వం, ఆమె బ్యాంకు ఖాతాలోనే డబ్బు. వాటాదారులూ వాళ్ళే.

ఈ సంగతి చెబితే ఆమెకు ముందే తెలుసు. "పక్క ఊర్లో వాళ్ళ కేంద్రం ఉండాది. మా ఊర్లో లేదు. పాలు ఆడికి మోసకపోవల్ల" అంది. అప్పుడు వాళ్ళాయన మొదటిసారి నోరు విప్పాడు. "మోపెడ్ ఉండాది కదా, నేను పోసొస్తాలే" అన్నాడు. ఆమె అతని వంక చూసింది. "సరే, సోమవారం పోయి కనుక్కుందాం" అంది. ఆ సోమవారం వెళ్ళారో లేదో మాకు తెలియదు. కానీ ఆ మాట అతని నోటి నుంచి రావడం మాత్రం మేమిద్దరం విన్నాం.

మీరు కొనేటప్పుడు

• మంచి కోవా చేత్తో నలిపితే వేళ్ళకు నెయ్యి అంటుతుంది, వాసన కమ్మగా ఉంటుంది. పిండిలా పొడిపొడిగా రాలినా, పుల్లటి వాసన వచ్చినా వద్దు.

• పిండి కలిపారేమోనని అనుమానం వస్తే చిన్న ముక్కను నీళ్ళలో మరిగించి చల్లార్చండి. అందులో మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేయండి. నీలంగా మారితే పిండి ఉన్నట్టే. పరీక్ష చేసిన ముక్కను పారేయండి.

• పచ్చికోవా బయట ఒకటి రెండు రోజులకు మించి ఉంచకండి. ఫ్రిజ్‌లో గాలి తగలని డబ్బాలో పెట్టి వారంలోపు వాడేయండి.

• పన్నీరు నీళ్ళలో మునిగేలా పెట్టి, రోజూ నీళ్ళు మార్చి రెండు మూడు రోజుల్లో వాడేస్తే మెత్తగా ఉంటుంది.

ఇంట్లో బెల్లం కోవా

కావలసినవి: వెన్న తీయని పాలు 1 లీటరు, తురిమిన బెల్లం అరకప్పు కంటే కాస్త తక్కువ, ఏలకులు 3, నెయ్యి 1 చెంచా.

చేసే విధానం: అడుగు మందంగా ఉన్న వెడల్పాటి బాణలిలో పాలు పోసి పెద్ద మంట మీద మరిగించండి. పొంగు వచ్చాక మంట తగ్గించి, అడుగు గీరుతూ కలుపుతూనే ఉండండి. పిల్లలు పిలిచినా, ఫోను మోగినా వెళ్ళొద్దు! ముద్ద బాణలి అంచులు వదలగానే నెయ్యి వేసి దించండి. వేడి కాస్త తగ్గి గోరువెచ్చగా అయ్యాక బెల్లం తురుము, ఏలకుల పొడి వేసి బాగా కలపండి. బెల్లం పొయ్యి మీద, పాలు ఇంకా పల్చగా ఉన్నప్పుడు వేస్తే విరిగే అవకాశం ఉంది. అందుకే చివర్లో. ఈ లీటరు పాలకు బెల్లం కాకుండా రెండు వందల గ్రాములకు కాస్త అటూ ఇటూగా కోవా వస్తుంది. చిత్తూరు వైపు బెల్లం దొరికితే ఇంకా రుచి.

పన్నీరు చేసినప్పుడు మిగిలిన తేటను సింకులో పారబోయకండి. చపాతీపిండి కలపడానికి వాడితే చపాతీలు మెత్తగా వస్తాయి. చారులో పోస్తే పులుపు సరిపోతుంది. ఆ పల్లెలో అయితే దాన్ని కుడితిలో కలిపి ఆవులకే పోస్తున్నారు.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట

ఇలాంటి ఇళ్ళకు వెళ్ళాలంటే ఉదయం ఏడింటికల్లా చేరుకోండి. తొమ్మిది దాటితే పొయ్యి చల్లారిపోతుంది. ముందుగా చెప్పి వెళ్ళండి, పని మధ్యలో ఉన్నవాళ్ళని ఆపకండి. కోవా తెచ్చుకోవడానికి స్టీలు డబ్బా మీరే తీసుకెళ్ళండి. బేరం మాత్రం ఆడకండి. 82 రూపాయల లెక్క మీకిప్పుడు తెలుసు కదా. తర్వాత దగ్గర్లోనే ఉన్న కాణిపాకం వెళ్ళి వినాయకుణ్ణి చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరుకోవచ్చు. మేమూ అలాగే చేశాం.

మీ ఇంట్లో పాడి ఉంటే పాలబుక్కు ఎవరి పేరు మీద ఉందో ఈరోజే చూడండి. పాడి లేకపోయినా సరే, మీరు కుట్టే కుట్లకీ, పట్టే పచ్చళ్ళకీ వచ్చే డబ్బు ఏ ఖాతాలో పడుతోందో చూసుకోండి. పోట్లాడమని కాదు. అడగమని. అడిగితే "నేను పోసొస్తాలే" అనే మగవాళ్ళు కూడా ఉన్నారు.